వికీమీడియా కామన్స్‌లో ఫొటో ఎక్కించడం, అది నలుగురికీ దొరికేలా పెట్టడం

కొన్నేళ్ళ కిందట పాలంపేట వెళ్ళినప్పుడు రామప్ప గుడిలో యాభై దాకా ఫొటోలు తీశాను. ఇంటికొచ్చిన రాత్రే అన్నీ వికీమీడియా కామన్స్‌కి ఎక్కించేశాను. పేర్లు "గుడి 1", "గుడి 2" అంటూ వరసగా పెట్టుకుంటూ పోయాను. వివరణలో "గుడి ఫొటో" అని రాశాను, వర్గాలేమీ (ఒకే విషయం మీది ఫైళ్ళను ఒకచోట చేర్చే డబ్బాల్లాంటివి) పెట్టలేదు. ఏడాది తరవాత తెలుగు వికీపీడియాలో మదనికా శిల్పాల (గుడి పైకప్పు కింద ఏటవాలుగా నిలబెట్టిన స్త్రీమూర్తుల) గురించి రాస్తున్న మిత్రుడొకరు "నీ దగ్గర మంచి ఫొటో ఉండాలే" అని అడిగారు. వెతికాను. రామప్ప అని కొడితే నా ఫొటో ఒక్కటీ రాలేదు. ఎలా వస్తుంది? ఆ మాట నేను ఎక్కడా రాయలేదు మరి.

ఫైళ్ళు సర్వర్లో భద్రంగానే ఉన్నాయి. కానీ పది కోట్లకు పైగా ఫైళ్ళున్న చోట "గుడి 17" అనే పేరుతో పడి ఉన్న ఫొటో లేనట్టే లెక్క. ఎక్కించడానికి పది నిమిషాలు చాలు. దొరికేలా పెట్టడానికి ఇంకో పది నిమిషాలు కావాలి. ఇక్కడ నేను ఎక్కువగా చెప్పేది ఆ రెండో పది నిమిషాల గురించి.

కామన్స్ అంటే తెలియనివారికి రెండు ముక్కలు. వికీపీడియాను నడిపే సంస్థే 2004 సెప్టెంబరు 7న దీన్ని మొదలుపెట్టింది. ఫొటోలు, ఆడియో, వీడియో, స్కాన్ చేసిన పుస్తకాలు అన్నీ ఇక్కడ ఒకచోట ఉంటాయి. ఇక్కడ పెట్టిన ఒక్క ఫైలును తెలుగు వికీపీడియా వాడుకోవచ్చు, తమిళం వాడుకోవచ్చు, జపనీస్ వాడుకోవచ్చు. మళ్ళీ ఎక్కించనక్కర లేదు. మూడొందలకు పైగా భాషల వికీపీడియాలకు ఇది ఉమ్మడి గాదె. బడిపిల్లల ప్రాజెక్టుల నుంచి పత్రికల దాకా బయటివాళ్ళు కూడా ఇక్కడి నుంచి తీసుకుంటారు.

ముందు వెతకండి, తరవాతే ఎక్కించండి

కొత్తవాళ్ళంతా నేరుగా ఎక్కించే బొత్తం దగ్గరికి పోతారు. నా మాట విని ముందు ఒక అరగంట వెతుకులాటకు ఇవ్వండి. ఏ ఫొటోలు లేవో తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఇతరులు పెట్టిన ఫైళ్ళలో ఏవి మీకు తేలిగ్గా దొరికాయో, ఏవి దొరకలేదో, ఎందుకో అర్థమవుతుంది. మీ ఫైలుకు ఏ మాటలు రాయాలో నేర్పే పాఠం అదే. వెతకడానికి ఖాతా కూడా అక్కర లేదు.

కామన్స్ తెరిచి పైనున్న పెట్టెలో "రామప్ప" అని తెలుగులోనే కొట్టండి. ఫలితాలు బొమ్మలు, ఆడియో, వీడియో, వర్గాలు అని విడివిడిగా వస్తాయి. తెలుగులో వెతికినా ఇంగ్లీషులో పేరున్న ఫొటోలు కొన్ని రావడం చూస్తారు. కారణం వికీడేటా, అంటే వికీపీడియాకు తోడుగా ఉన్న సమాచారపు గాదె. అక్కడ ఒక్కో గుడికి, ఊరికి, మనిషికి ఒక అంశం ఉంటుంది. దానికి ఎన్నో భాషల్లో పేర్లుంటాయి. ఎవరైనా ఫొటోకి "ఇందులో కనబడేది ఫలానా" అని ఆ అంశాన్ని తగిలించి ఉంటే, ఆ అంశానికి తెలుగు పేరు ఉంటే, తెలుగు మాటతోనే ఆ ఫొటో దొరుకుతుంది.

ఇప్పుడు అదే పెట్టెలో "రామప్పలో" అని కొట్టి చూడండి. ఫలితాలు పడిపోతాయి. తెలుగు విభక్తులను విడదీసి చూడడం ఈ వెతుకులాటకు రాదు. దానికి "రామప్ప" ఒక మాట, "రామప్పలో" ఇంకో మాట, "రామప్పకు" మరో మాట. అందుకే వెతికేటప్పుడు విభక్తి లేని మాట కొట్టండి. ఇంకా కావాలంటే మాట చివర నక్షత్రం గుర్తు పెట్టండి, ఆ మాటతో మొదలయ్యేవన్నీ వస్తాయి. ఈ సంగతి ఎక్కించేటప్పుడు కూడా గుర్తుండాలి. మీ వివరణలో ఊరి పేరు ఒక్కసారైనా విభక్తి తగలకుండా, విడిగా కనబడాలి.

తరవాత పేర్ల గొడవ. రామప్ప గుడికే రుద్రేశ్వరాలయం అని ఇంకో పేరు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది కూడా కాకతీయ రుద్రేశ్వర అన్న పేరుతోనే. కొందరు ఊరి పేరుతో పాలంపేట గుడి అని రాస్తారు. ఒకరు గుడి అంటే ఒకరు ఆలయం, ఇంకొకరు దేవాలయం. అన్నిటితోనూ వెతకాలి. ఊళ్ళ పేర్లయితే మరీను. తెల్లదొరల కాలం నాటి బొమ్మలు, పటాలు కావాలంటే ఇప్పటి పేరుతో వెతికితే సగమే దొరుకుతాయి. బందరు కోసం మచిలీపట్నంతో పాటు మసులిపటం అని, కడపకి కడ్డప అని, విశాఖకి విజాగపటం, వాల్తేరు అని, విజయవాడకి బెజవాడ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడాలి. శ్రీకాకుళానికి చికాకోల్ అన్న పేరుండేదని తెలియకపోతే ఆ ఊరి పాత పటం చేతికి రాదు.

వెతికే పెట్టెలో వాడే చిట్కాలు కొన్ని. రెండు మూడు మాటలు అదే వరసలో కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. వద్దనుకున్న మాట ముందు మైనస్ పెట్టండి. ఉదాహరణకి చార్మినార్ కట్టడమే కావాలి, ఆ పేరున్న రైలు వద్దనుకుంటే రైలు అన్న మాటను ఇంగ్లీషులో రాసి దాని ముందు మైనస్ పెట్టాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఇన్‌టైటిల్ అని కొట్టి, కోలన్ పెట్టి మాట రాస్తే ఫైలు పేరులో ఆ మాట ఉన్నవే వస్తాయి. ఇన్‌కేటగిరీ అని కోలన్ పెట్టి, కొటేషన్లలో వర్గం పేరు రాస్తే ఆ ఒక్క వర్గంలోనే వెతుకుతుంది. ఫలితాల పైనున్న వడపోతల్లో లైసెన్సు, ఫైలు రకం, బొమ్మ సైజు ఎంచుకోవచ్చు. పుస్తకం అట్టకో, గోడ మీద పెద్ద ప్రింటుకో కావాల్సి వస్తే సైజు వడపోత చాలా పని తగ్గిస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, వర్గాలు ఒక ఎత్తు. నేను ఇప్పుడు పెట్టెలో కొట్టి వెతకడం కన్నా వర్గాల్లో దిగి వెతకడమే ఎక్కువ. ఏదో ఒక రామప్ప ఫొటో దొరికితే చాలు, దాని పేజీ అడుగున వర్గాలుంటాయి. వాటి మీద నొక్కితే ఆ గుడి ఫొటోలన్నీ ఒకచోట కనబడతాయి. అక్కడి నుంచి పైకి వెళ్తే ములుగు జిల్లా గుళ్ళు, ఇంకా పైకి వెళ్తే తెలంగాణ గుళ్ళు. కిందికి దిగితే శిల్పాలు, స్తంభాలు.

ఇక్కడ మన రాష్ట్రాలకే ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. పాలంపేట 2014 జూన్ 2 దాకా ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా. తరవాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా. 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు జిల్లా. ఊరు కదల్లేదు, చిరునామా మాత్రం మూడుసార్లు మారింది. 2010లో ఎవరో ఎక్కించిన ఫొటో వివరణలో "వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్" అనే ఉంటుంది. అది తప్పు కాదు, ఆనాటికి అదే నిజం. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కాబట్టి జిల్లా పేరుతో వెతికేటప్పుడు పాత జిల్లా వర్గంలో కూడా చూడండి. పాత వర్గంలో చిక్కుకుపోయిన ఫొటో కనబడితే కొత్త జిల్లా వర్గంలోకి మార్చండి. ఇంత చిన్న పనితో ఎంత మేలు జరుగుతుందో ఆ ఫొటో కోసం తిరిగినవాళ్ళకే తెలుస్తుంది.

ఖాతా

వికీపీడియాలో మీకు ఖాతా ఉంటే అదే కామన్స్‌లోనూ పనిచేస్తుంది. లేకపోతే రెండు నిమిషాల్లో తెరవొచ్చు. వాడుకరి పేరు అందరికీ కనబడుతుంది. మీ ఫొటోను ఎవరు వాడుకున్నా ఆ పేరునే వేస్తారు. అసలు పేరు ఇష్టం లేకపోతే కలం పేరు పెట్టుకోండి, కానీ అచ్చులో చూసుకున్నా బాగుండే పేరు పెట్టుకోండి. ఈమెయిలు తప్పకుండా ఇవ్వండి. పాస్‌వర్డు మరిచిపోతే ఖాతా తిరిగి రావడానికి అదొక్కటే దారి, మీ ఫైలు మీద ఎవరైనా ప్రశ్న వేస్తే కబురు వచ్చేదీ దానికే.

ఏది ఎక్కించవచ్చు, ఏది కూడదు

ఇది కాస్త నిదానంగా చదవండి. ఎక్కించిన ఫొటోలు తొలగించారని బాధపడేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు.

మీరే తీసిన ఫొటో అయితే మీది. దాన్ని స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేస్తున్నానని ఒప్పుకోవాలి. మామూలుగా వాడేది క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై-ఎస్‌ఏ 4.0. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. మీ పేరు వేయాలి. మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి. "అమ్ముకోవచ్చు" అన్నచోట చాలామంది ఆగిపోతారు. ఆగడం మంచిదే. మీ ఫొటో రేపు ఎవరో క్యాలెండరు మీద వేస్తే, మీ పేరు వేసినంత వరకు మీరు కాదనలేరు. ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేరు కూడా. వ్యాపారానికి వాడకూడదు అన్న షరతు ఉన్న ఫైళ్ళను కామన్స్ అసలు తీసుకోదు. మనసు ఒప్పుకున్న ఫొటోలే ఇవ్వండి.

గూగుల్లో దొరికినది, ఫేస్‌బుక్‌లో కనబడినది, పేపర్లో వచ్చినది ఎక్కించకూడదు. ఇంటర్నెట్లో అందరికీ కనబడుతోందంటే అందరిదీ అని కాదు. సినిమా పోస్టర్లు, పుస్తకాల అట్టలు, కంపెనీ గుర్తులు కూడా సాధారణంగా కుదరవు. తెలుగు వికీపీడియాలో సినిమా వ్యాసానికి పోస్టరు కావాలంటే సముచిత వినియోగం (హక్కులున్నదాన్ని పరిమితంగా వాడుకోనిచ్చే మినహాయింపు) కింద తెలుగు వికీపీడియాలోనే, దాని నియమాల ప్రకారం ఎక్కించాలి. కామన్స్‌లో ఆ మినహాయింపు లేదు.

కట్టడాలు, విగ్రహాల విషయంలో మన దేశం నయం. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం భవనాలను, బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా నిలిపిన శిల్పాలను ఫొటో తీసి ప్రచురించవచ్చు. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలను తీసి ఎక్కించవచ్చు. ఆ వెసులుబాటు గోడ మీది బొమ్మలకూ ఫ్లెక్సీలకూ లేదు. ఊళ్ళో కూడలిలో కట్టిన ఫ్లెక్సీని దగ్గరగా తీసి అందులోని నాయకుడి ఫొటో కోసమని ఎక్కిస్తే అది నిలవదు. వీధిని తీస్తున్నప్పుడు ఎక్కడో మూల ఫ్లెక్సీ పడితే ఫర్వాలేదు.

పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టాలనుకునేవారు తెలుగువాళ్ళలో చాలామంది ఉన్నారు. స్వేచ్ఛా పుస్తకాల గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌లో పుస్తకాలు టైపు చేసేది ఇలా పెట్టిన స్కాన్‌ల ఆధారంగానే. మన చట్టంలో రచయిత కన్నుమూసిన తరవాత 60 ఏళ్ళు హక్కులుంటాయి, ఆ లెక్క మరుసటి ఏడాది జనవరి 1 నుంచి మొదలవుతుంది. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో పోయారు, వారి రచనలు ఎప్పుడో ప్రజల సొత్తయ్యాయి. అయితే కామన్స్ నడిచేది అమెరికా చట్టం కింద కనుక అక్కడ కూడా హక్కులు తీరి ఉండాలి. 1935లోగా కన్నుమూసిన రచయిత తన జీవితకాలంలో మన దేశంలో అచ్చువేసిన పుస్తకమైతే రెండుచోట్లా చిక్కు రాదు. కొత్త ముద్రణ తెచ్చి స్కాన్ చేయకండి. మూలం పాతదైనా కొత్త పీఠికకు, వ్యాఖ్యకు, అట్ట బొమ్మకు వేరే హక్కులుంటాయి.

ఇక వేరేవాళ్ళు తీసిన ఫొటో. "మా అన్నయ్య తీశాడు, పెట్టుకోమన్నాడు" అంటే సరిపోదు. హక్కుదారు తన ఈమెయిలు నుంచి కామన్స్ అనుమతుల బృందానికి స్వయంగా అనుమతి పంపాలి. ఆ ఉత్తరం నమూనా అక్కడే దొరుకుతుంది. దానికన్నా తేలిక, అన్నయ్య చేతే ఖాతా తెరిపించి ఆయన చేతే ఎక్కించడం. ఫొటోలో ఉన్నవాళ్ళకి హక్కు ఉంటుందనుకోవడం కూడా పొరపాటే, హక్కు మామూలుగా తీసినవారిది. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫొటోకి మాత్రం మన చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు.

ఫైలును సిద్ధం చేయడం

వాట్సాప్‌లో వచ్చిన కాపీని ఎక్కించకండి. మామూలుగా ఫొటో పంపితే వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది, ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారన్న వివరాలు కూడా పోతాయి. పరిశీలించేవాళ్ళకి ఆ వివరాలే మీ ఫొటో మీదేనని చెప్పే సాక్ష్యం. కెమెరా నుంచి, ఫోను గ్యాలరీ నుంచి అసలు ఫైలే తీసుకోండి. ఎవరి దగ్గర నుంచైనా తెప్పించుకోవాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి.

ఐఫోను తీసే హెచ్‌ఈఐసీ ఫొటోలను కామన్స్ తీసుకోదు, జేపెగ్‌గా మార్చుకోండి. ఎంపీ4 వీడియోలూ వద్దంటుంది, వెబ్‌ఎంగా మార్చాలి. వర్డ్ ఫైళ్ళు పనికిరావు. పుస్తకాలైతే పీడీఎఫ్ లేదా డీజావూ. మామూలు ఫోను ఫొటోల సైజు గురించి చింత అక్కర లేదు, తగ్గించనూ వద్దు.

ఫొటో మీద మీ పేరు, తేదీ ముద్రలు వేయకండి. మీ పేరు ఎలాగూ పేజీలో ఉంటుంది. ఇంకొక్క జాగ్రత్త. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైలులో పడుతుంది. గుడికి, చెరువుకి అది వరం, మ్యాపులో సరిగ్గా అక్కడ కనబడుతుంది. అదే మీ పెరట్లో పూసిన మందారం అయితే, మీ ఇల్లెక్కడో లోకానికి చెప్పినట్టే. అలాంటి ఫొటోల్లోంచి లొకేషన్ తీసేసి ఎక్కించండి.

ఎక్కించడం

లాగిన్ అయ్యి "అప్‌లోడ్" నొక్కితే అప్‌లోడ్ విజార్డ్ తెరుచుకుంటుంది. ఫైళ్ళు ఎంచుకోండి. మొదటిసారి ఒకటో రెండో చాలు. ఇదే ఫైలు ఇంతకుముందే సర్వర్లో ఉంటే అది కనిపెట్టి చెబుతుంది, ప్రతి ఫైలుకూ లెక్కగట్టిన వేలిముద్ర లాంటి అంకె దాని దగ్గర ఉంటుంది. కానీ అక్షరం తేడా లేని కాపీనే పట్టుకోగలదు. అదే ఫొటోని కాస్త కత్తిరించినా, వాట్సాప్ కుదించినా దానికి కొత్త ఫైలే. అందుకే ముందే వెతకమన్నాను.

తరవాత ఇది మీ సొంతమా, వేరొకరిదా అని అడుగుతుంది. ఉన్నదున్నట్టు చెప్పండి. లైసెన్సు ఎంచుకోండి. ఆ తరవాత వచ్చే వివరాల పేజీయే అసలు పని.

మొదటిది పేరు. కెమెరా పెట్టిన అక్షరాలు, అంకెల పేరును అలాగే ఉంచితే విజార్డ్ ఒప్పుకోదు. ఏది, ఎక్కడ, ఏ భాగం అన్నవి పేరులో ఉండాలి. "గుడి 17" కి బదులు "రామప్ప గుడి తూర్పు ద్వారం పక్కన మదనిక, పాలంపేట" అని పెట్టండి. పేరు తెలుగులో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా పెట్టొచ్చు. కాకపోతే ఒక హద్దు ఉంది. ఫైలు పేరు 240 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ, ప్రతి పొల్లుకీ మూడేసి బైట్లు పడతాయి. "రామప్ప" చూడటానికి మూడక్షరాలు. కంప్యూటరుకి ర, దీర్ఘం, మ, ప, పొల్లు, మళ్ళీ ప, మొత్తం ఆరు. అంటే 18 బైట్లు. ఈ లెక్కన తెలుగు పేరు ఎనభై గుర్తుల లోపే ఆగిపోవాలి. పొడుగాటి సంస్కృత సమాసాలు పేరులో పెట్టకండి, వాటికి వివరణ ఉంది. చదరపు బ్రాకెట్లు, కోలన్, నిలువు గీత, హ్యాష్ గుర్తు పేరులో కుదరవు.

నా పద్ధతి చెబుతాను. శాసనం, తెలుగు పుస్తకం, పండగ వంట లాంటివాటికి తెలుగులోనే పేరు పెడతాను. పేరున్న కట్టడాలకు ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాను, వేరే భాషల వికీపీడియా వాళ్ళు ఎక్కువగా వాడేవి అవే కనుక. మీకు తోచినట్టు చేయండి, శీర్షిక మాత్రం రెండు భాషల్లోనూ రాయండి.

శీర్షిక అంటే ఫొటోలో ఏముందో చెప్పే ఒక్క వాక్యం. ఎన్ని భాషల్లోనైనా చేర్చుకుంటూ పోవచ్చు. తెలుగులో "రామప్ప గుడి తూర్పు ద్వారం పక్కన నల్లరాతి మదనిక" అని రాసి, "భాష చేర్చు" నొక్కి ఇంగ్లీషులోనూ రాయండి. వివరణ దానికన్నా పొడుగ్గా ఉండొచ్చు, ఉండాలి కూడా. నేను ఆ మదనిక ఫొటోకి ఇప్పుడు ఇలా రాసి ఉంచాను: "పాలంపేట రామప్ప గుడి, రుద్రేశ్వరాలయం. ములుగు జిల్లా, వెంకటాపూర్ మండలం, తెలంగాణ. ఉమ్మడి వరంగల్ జిల్లా. కాకతీయుల కాలం, 1213. తూర్పు ద్వారం పక్కన పైకప్పును మోస్తున్నట్టు ఏటవాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనిక, సాలభంజిక." చదవడానికి కాస్త పొడి పొడిగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఎవరు ఏ మాటతో వెతికినా ఈ ఫొటో తగులుతుంది. గుడికున్న రెండు పేర్లు, ఊరు, కొత్త జిల్లా, పాత జిల్లా, శిల్పానికున్న రెండు పేర్లు, అన్నీ విభక్తి లేకుండా ఒక్కోసారి వచ్చాయి.

తేదీ దగ్గర ఎక్కించిన రోజు కాదు, తీసిన రోజు ఉండాలి. కెమెరా వివరాలు ఉంటే అదే నింపుకుంటుంది. స్కాన్ చేసిన పాత ఫొటోకి స్కాన్ చేసిన తేదీ పడిపోతుంది, అది దిద్దండి. సరిగ్గా తెలియకపోతే "1950ల నాటిది" అని రాసినా తప్పులేదు.

వర్గాలు చివర. పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, రెండు మూడు అక్షరాలు కొడితే కింద జాబితా వస్తుంది, అందులోంచే ఎంచుకోండి. ఎర్రగా కనబడితే ఆ వర్గం లేదని అర్థం. ఇక్కడ ఒకే సూత్రం, అన్నిటికన్నా సన్నని వర్గంలో పెట్టాలి. రామప్ప గుడి వర్గం ఉండగా ఆ ఫొటోని తెలంగాణ వర్గంలోనూ, భారతదేశపు గుళ్ళ వర్గంలోనూ పెట్టకండి. చిన్న డబ్బాలో వేస్తే అది పెద్ద డబ్బాలో ఎలాగూ ఉంటుంది. అన్నిట్లోనూ వేస్తే పెద్ద వర్గాలు సంతలా తయారై ఎవరికీ ఏదీ దొరకదు. ఏ వర్గమో తెలియకపోతే మీ ఫొటో లాంటి మంచి ఫొటో ఒకటి తెరిచి, దాని అడుగున ఏముందో చూసి అదే పెట్టండి.

"ఇందులో ఏముంది" అని వికీడేటా అంశాలు చేర్చే చోటు కూడా ఒకటి ఉంటుంది. చాలామంది వదిలేస్తారు. వదలకండి. గుడి, మదనిక అని రెండు అంశాలు తగిలిస్తే తెలుగు రానివాళ్ళకి కూడా వాళ్ళ వాళ్ళ భాషలో మీ ఫొటో దొరుకుతుంది.

ఎక్కించాక

తెలుగు వికీపీడియా వ్యాసంలో పెట్టడానికి విజువల్ ఎడిటర్లో "చేర్చు" నొక్కి, బొమ్మల్లో మీ ఫైలు పేరు వెతికి ఎంచుకుంటే చాలు. కోడ్‌లో రాసేటట్టయితే పేరు టైపు చేయకండి, ఫైలు పేజీ నుంచి కాపీ చేసుకోండి. తెలుగు పేర్లలో "వరంగల్‌లో" లాంటిచోట పొల్లును నిలిపి ఉంచడానికి కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది. మీరు మళ్ళీ టైపు చేసినప్పుడు అది పడకపోతే పేరు చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, లింకు మాత్రం ఎర్రగా వస్తుంది. ఇది తెలియక ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను.

మీ చర్చాపేజీలో తొలగింపు నోటీసు కనబడితే కంగారు పడకండి, అలాగని ఊరుకోనూ వద్దు. అనుమతి ఆధారం లేదని గుర్తు పెట్టినవాటికి మామూలుగా ఏడు రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ అన్నది చెప్పండి, కావలసిన అనుమతి పంపించండి. నోటీసు పెట్టినవాళ్ళూ మనలాంటి స్వచ్ఛంద కార్యకర్తలే, మర్యాదగా అడిగితే దారి చెబుతారు. ఇంగ్లీషులో రాయడం ఇబ్బంది అయితే తెలుగులోనే రాయండి, లేదంటే తెలుగు వికీపీడియాలో రచ్చబండ అనే చర్చావేదికలో అడగండి.

పేరు తప్పు పెడితే మీరే మార్చలేరు, మార్పు కోసం విన్నపం పెట్టాలి. అర్థం లేని పేరును అర్థమయ్యే పేరుగా మార్చడం ఒప్పుకునే కారణాల్లో ఒకటి. నా యాభై "గుడి"లకూ అలాగే ఒక్కొక్కటిగా విన్నపాలు పెట్టాను. ఎవరో తెలియని మనుషులు ఓపిగ్గా మార్చిపెట్టారు. శీర్షిక, వివరణ, వర్గాలు మాత్రం ఎప్పుడైనా మీరే దిద్దుకోవచ్చు. వర్గాలకైతే మీ అభిరుచుల పేజీలోని గాడ్జెట్లలో హాట్‌క్యాట్ ఆన్ చేసుకోండి, ఒక్క నొక్కుతో చేర్చడం, తీసేయడం అయిపోతుంది. ఫొటోలు చాలా ఉంటే క్యాట్-ఎ-లాట్ అనే ఇంకో గాడ్జెట్ పదుల ఫైళ్ళను ఒకేసారి ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి మారుస్తుంది.

మీ ఫొటోలన్నీ ఒకచోట చూసుకోవాలంటే పైన మీ ఎక్కింపుల లింకు ఉంటుంది. ఒక్కో ఫైలు పేజీ కిందికి వెళ్తే ఏయే భాషల వికీపీడియాల్లో, ఏ వ్యాసాల్లో అది వాడుతున్నారో జాబితా కనబడుతుంది. నా మదనిక అక్కడ ఒక తెలియని లిపిలోని వ్యాసంలో కనబడిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

ఆఖరి పని మర్నాడు పొద్దున చేయండి. ఇంట్లో ఇంకొకరి ఫోను తీసుకుని, లాగిన్ కాకుండా కామన్స్ తెరవండి. ఫైలు పేరు చూడకుండా, ఆ ఊరు ఎప్పుడూ చూడనివారు ఎలా వెతుకుతారో అలా రెండు మూడు మాటలు తెలుగులో, రెండు మూడు ఇంగ్లీషులో కొట్టండి. మీ ఫొటో రాకపోతే ఏ మాటకు రాలేదో ఆ మాటను వివరణలో చేర్చి, కాసేపాగి మళ్ళీ వెతకండి.